లావు లీడర్‌కి ఏ ముడి? గాలం కబుర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పడవ మీంచి పాపర్ వెయ్యడం గురించి రాసినప్పట్నుంచి వస్తున్న మెయిల్సు, వాట్సాప్ మెసేజులు చూస్తే చాలామందిది ఒకటే బాధ, చేప తగిలింది, ముడి ఊడింది. అందుకని ఈ నెల ఎరలు, రాడ్లు, రీళ్ళ ప్రశ్నలు పక్కన పెట్టేసి ముడుల ఉత్తరాలే తీసుకున్నా. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీ వంతే. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: రీల్‌కి చుట్టే సన్నటి అల్లిక లైన్ బ్రెయిడ్, దాని కొసకి ఎర వైపు కట్టే లావు లైన్ లీడర్, ఉత్తుత్తి ఎర లూర్, అందులో నీళ్ళ పైన చప్పుడు చేసేది పాపర్.

ప్రశ్న (భీమిలి నుంచి): అన్నా నమస్తే. చెరువుల్లో కొరమీను, బొచ్చె పట్టే అలవాటుతో ఈ ఏడే సముద్రంలోకి దిగా. పీఈ 6 సైజు బ్రెయిడ్, 100 పౌండ్ల నైలాన్ లీడర్ వాడుతున్నా. ముడి మాత్రం పాతదే, ఇంప్రూవ్డ్ క్లించ్, ఆరు చుట్లు. మొన్న పెద్ద పార చేప ఒకటి పాపర్ మీద పడింది, అలా లాగిందో లేదో లూర్ పోయింది. లీడర్ కొస చూస్తే పంది తోకలా మెలికలు తిరిగి ఉంది. షాపతనేమో లీడర్ పాతబడింది కొత్త స్పూల్ తీసుకోమంటున్నాడు. 100 పౌండ్లంటే 45 కిలోలు కదా అన్నా, ఎలా తెగుద్ది? ఏ ముడి వెయ్యమంటావ్?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డబ్బులు జేబులోనే ఉంచుకో, లీడర్ తప్పేం లేదు. ఆ మెలికలు తిరిగిన కొసే దానికి సాక్ష్యం. లైన్ తెగితే కొస అలా రాదు, ముడిలో చుట్టుకుని ఉన్న లైన్ జారుకుంటూ బయటికొస్తేనే ఆ వంకర్లు అలా మిగిలిపోతాయి, అంటే నీ ముడి తెగలేదు, విప్పుకుంది. చేప పోయిన ప్రతిసారీ ఆ కొసని కోసి పారెయ్యకుండా వెలుతుర్లో పెట్టి చూడు, అన్నీ చెప్తుంది. మెలికలుంటే జారింది. మొండిగా, కాస్త తెల్లబడి, సాగినట్టుంటే ముడి దగ్గర తెగింది. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఏటవాలుగా ఉంటే పళ్ళ పని. తెగిన చోటు నుంచి పైకి జానెడు దాకా వేలితో రాస్తే గరగరమంటుంటే రాతికో పడవ అడుగుకో ఒరుసుకుంది. ఒక్కోదానికి ఒక్కో మందు, అన్నిటికీ కొత్త స్పూల్ కొనడమే మందైతే షాపులవాళ్ళు బాగుపడతారు అంతే.

ఇప్పుడు అసలు సంగతి. చెరువు లైన్‌కి ఆరు చుట్లు బాగానే కూర్చుంటాయి, ఎందుకంటే అది సన్నం, మెత్తన, ఎలా వంచితే అలా వంగుతుంది. నీ 100 పౌండ్ల నైలాన్ దగ్గర దగ్గర ఒక మిల్లీమీటర్ లావుంటుంది. అర మిల్లీమీటర్ లైన్‌తో పోల్చి చూడు, లావు రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది కానీ వంగనని మొరాయించే గుణం పదహారింతలు అవుతుంది. లైన్ ఇంత పెరిగినా నీ చేతి బలం మాత్రం అదే కదా. ఆరు చుట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ బిగుసుకోవాలంటే చేత్తో లాగితే సరిపోదు, పైకి చూస్తే ముడి పడినట్టే ఉంటుంది, లోపల మాత్రం చుట్లకీ చుట్లకీ మధ్య సందుంటుంది. ఆ మిగిలిన బిగింపు పని ఎవరు చేస్తారు, చేప చేస్తుంది, అదీ ఒక్క ఊపులో, అప్పుడు రాపిడికి వేడెక్కి, పొట్టి కొస సర్రున జారిపోతుంది. మన దగ్గర దొరికే పార జాతుల్లో పెద్దదుంది చూశావూ, జెయింట్ ట్రెవల్లీ, 2006లో జపాన్ తొకారా దీవుల దగ్గర పట్టిన రికార్డు చేప 72.80 కిలోలు, నీకు తగిలింది అందులో పావు వంతున్నా సరే దాని చేత ముడి బిగించుకోవడం అనేది ఐడియా కాదు. ముడిని పూర్తిగా బిగించాల్సింది నువ్వు, చేప తగలకముందే. లావు లీడర్‌కి మంచి ముడి అంటే నువ్వు నీ చేతుల్తో, నీ దగ్గరున్న పనిముట్లతో చివరిదాకా బిగించగలిగేది. పేరు తర్వాత సంగతి.

నా ఓటు యూని ముడికి, మూడు చుట్లు, మహా అయితే నాలుగు. లైన్‌ని లూర్ రింగులోంచి దూర్చి జానెడు కొస వదులు, ఆ కొసని వెనక్కి మడిచి ఒక లూప్ చేసి, లూప్‌లోంచి రెండు లైన్లనీ కలిపి మూడుసార్లు చుట్టు. ఇక్కడ అందరూ తొందరపడతారు. అసలు లైన్ లాగెయ్యకు. ఉమ్మో నీళ్ళో తడిపి, ముందు పొట్టి కొసని ప్లేయర్‌తో పట్టుకుని లాగు, ముడి ఇంకా రింగుకి రెండు మూడు వేళ్ళ దూరంలో ఉండగానే ఆ చుట్లు పక్కపక్కన సర్దుకోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే విప్పేసి మళ్ళీ మొదలెట్టు. సర్దుకున్నాక అసలు లైన్ లాగి రింగు దాకా జార్చు. తర్వాత రింగుని పడవ మీద కదలని కొక్కేనికి తగిలించి (లూర్ గాలాలు ముందే తీసెయ్, కంటికి అద్దాలు పెట్టుకో), లీడర్‌ని చేతికి కాకుండా ఒక కర్రముక్కకి నాలుగు చుట్లు చుట్టి, ఒంటి బరువుతో నిదానంగా వెనక్కి వాలు. గుంజకు, వాలు. ముడి ఇంకొంచెం కుదించుకుపోవడం కంటికి తెలుస్తుంది, అదే సందులో ఉన్న జారుడు. ఇక కదలడం లేదనుకున్నాక పొట్టి కొసని మళ్ళీ ఒకసారి ప్లేయర్‌తో లాగి, గోటితో కదిపి చూడు, కదలకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోసెయ్. పూర్తిగా మొదలంటా కోసెయ్యడం స్టైలేం కాదు.

ఇంకోటి కావాలంటే శాన్‌డియేగో జామ్ అనే ముడి ఉంది, కాలిఫోర్నియాలో దూరం వెళ్ళే ట్యూనా బోట్ల వాళ్ళు జిగ్గులకి (బరువైన లోహపు లూర్లకి) వేసేది, అది కూడా లావు లైన్లో చుట్లు తగ్గించి వేస్తే బాగా కూర్చుంటుంది. పాలమర్ ముడి అంత గట్టిదంటారు కదా అని అడుగుతావేమో, గట్టిదే, బ్రెయిడ్‌కి. ఒక మిల్లీమీటర్ లైన్‌ని రెండు మడతలు పెట్టి రింగులో దూర్చి, ఆ లూప్‌లోంచి జానెడు పాపర్‌ని రెండు ట్రెబుల్ (మూడు మొనల) గాలాలతో సహా దాటించే ఓపిక నీకుంటే వేస్కో. క్లించ్ మాత్రం 30 పౌండ్లు దాటితే మర్చిపో.

నీ 45 కిలోల లెక్క కూడా ఒకసారి సరిచేసుకో. నీ డ్రాగ్, అంటే ఎంత లాగితే రీల్ లైన్ వదలాలో ఆ బిగింపు, బహుశా 10 కిలోల దగ్గర పెడుతున్నావ్, అంటే ముడి ఎప్పుడూ 45 చూడదు, 10 చూస్తుంది, గుంజినప్పుడు ఇంకొంచెం. బిగిసిన ముడి లైన్ బలంలో కొంత పోగొట్టుకున్నా నీకు చాలినంత మిగులుతుంది. బిగియని ముడికి మాత్రం ఆ పదే ఎక్కువ.

ప్రశ్న (మస్కట్ నుంచి): సార్, మాది నెల్లూరు జిల్లా, ఇక్కడ సైట్ ఇంజినీర్‌ని. శుక్ర, శనివారాలు ఫ్రెండ్స్‌తో బోట్ మీద వెళ్తుంటాం. బ్రెయిడ్‌ని 130 పౌండ్ల లీడర్‌కి కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకున్నా, రూములో వేస్తే రాయిలా ఉంటుంది, బోట్ మీద గాల్లో వేస్తే మాత్రం కాసేపు క్యాస్టింగ్ చేసేసరికి (లూర్ విసిరేసరికి) జారిపోతోంది. కొంతమంది పీఆర్ ముడి వెయ్యమంటున్నారు, మా రూమ్మేట్ డబుల్ యూని చాలు ఈ తలనొప్పులెందుకు అంటాడు. ఏది కరెక్ట్?

జవాబు: రూములో రాయిలా ఉన్నది బోట్ మీద జారుతోందంటే ముడి మంచిదే బ్రదర్, మీ బోట్ మీద బిగింపు తక్కువవుతోంది. ఎఫ్‌జీలో ఉన్న కిటుకంతా ఏంటంటే లీడర్ అసలు వంగదు. తిన్నగా ఉన్న లీడర్ మీద బ్రెయిడ్‌ని అటొకటి ఇటొకటి జడ అల్లినట్టు అల్లుకుంటూ పోతాం, లాగినప్పుడు ఆ అల్లిక కుదించుకుని లీడర్‌ని కొరికి పట్టుకుంటుంది. అందుకే లావు లీడర్ మొరాయింపు దీనికి అడ్డం రాదు, పైగా లావుగా ఉంటేనే కొరకడానికి చోటు దొరుకుతుంది, సన్న లీడర్‌కే ఎఫ్‌జీ కష్టం. కానీ ఆ అల్లేటప్పుడు బ్రెయిడ్ ఒక్క క్షణం వదులైనా పని చెడినట్టే, గాల్లో, ఊగే పడవ మీద జరిగేది అదే. బ్రెయిడ్‌ని రాడ్ కొసకీ రీల్‌కీ మధ్య బిగువుగా పెట్టుకోండి, రాడ్ కాస్త వంగి ఉండాలి, అల్లినంతసేపూ ఆ వంపు పోకూడదు. 130 పౌండ్లకి ఇరవై దాకా అల్లి, రెండు హాఫ్ హిచ్‌లు (ఒంటి చుట్టు ముడులు) వేసి ఆగండి.

ఆగండి అన్నది ఎందుకంటే ఇక్కడే చాలామంది లీడర్ కొసని కోసేస్తారు. కొయ్యకూడదు. ముందు గ్లౌజులు వేసుకుని, బ్రెయిడ్‌ని ఒక చేత్తో లీడర్‌ని ఒక చేత్తో కర్రకి చుట్టి గట్టిగా లాగాలి, అప్పుడు అల్లిక రంగు మారుతుంది, లేత ఆకుపచ్చ బ్రెయిడ్ అయితే ముదురాకుపచ్చగా, తడిసినట్టు కనిపిస్తుంది, లీడర్ లోపల్నుంచి మసకమసగ్గా తెలుస్తుంటుంది. ఆ రంగు మారందే ముడి కూర్చోలేదని లెక్క. గోటితో అల్లికని నెట్టి చూడండి, ఒక్క పోగు కదిలినా విప్పెయ్యండి. అప్పుడు కొస కోసి, మిగతా హాఫ్ హిచ్‌లు బ్రెయిడ్ ఒక్కదాని మీద వేసుకోండి.

కొస కోశాక లైటర్‌తో కాల్చి గుండు చేస్తారు కొందరు, అది రాడ్ రింగుల్లో తగలకుండా ఉంటుందని. బ్రెయిడ్ పాలిథిలీన్, అది 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది, నైలాన్ కరగాలంటే 220 దాకా కావాలి. అంటే మీరు లీడర్ కొస కరిగేదాకా మంట పెడితే పక్కనున్న బ్రెయిడ్ ఎప్పుడో ఉడికిపోయుంటుంది, కంటికి కనపడదు కూడా. మంట దూరంగా పెట్టండి, లేదా పదునైన కట్టర్‌తో కోసి వదిలెయ్యండి, ఏమీ కాదు.

మీ రూమ్మేట్ మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేం. డబుల్ యూని 130 పౌండ్లలో వేస్తే లీడర్ వైపు ముడి చిక్కుడు గింజంత అవుతుంది, క్యాస్టింగ్‌లో రింగులకి టకటకా కొట్టుకుని ఎక్కడో ఒకచోట బ్రెయిడ్ తెగ్గొడుతుంది. కానీ ట్రోలింగ్‌కో (నడిచే పడవ వెనక ఎర లాగడానికో), ముడి రింగుల బయటే ఉండేంత పొట్టి లీడర్‌కో అయితే పర్వాలేదు, లీడర్ వైపు మూడు చుట్లు, బ్రెయిడ్‌ని రెండు మడతలు చేసి ఎనిమిది చుట్లు. పీఆర్ ముడి బాబిన్ అనే కండెలాంటి పనిముట్టు తిప్పి వేసేది, బిగువు బాబినే చూసుకుంటుంది కాబట్టి మన చెయ్యి వణికినా నష్టం లేదు, లోతులో జిగ్గింగ్‌కి (జిగ్గుని కిందికి దించి ఆడించడానికి) పొడుగు లీడర్ వాడేవాళ్ళకి అదే బెస్టు. నన్నడిగితే మాత్రం ఈ గొడవంతా బోట్ మీద పెట్టుకోవడం ఎందుకు, గురువారం రాత్రి రూములో ఫ్యాన్ ఆపేసి వేసుకుని వెళ్ళండి, స్పేర్ స్పూల్‌కి కూడా ఒకటి వేసి పెట్టుకోండి. సలాలా వైపు వెళ్ళే ఆలోచనుంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఖరీఫ్‌లో (అక్కడి వానకాలంలో) సముద్రం ఎలాగూ రానివ్వదు, ప్రాక్టీసుకి అంతకంటే మంచి టైము లేదు.

ప్రశ్న (అంతర్వేది నుంచి, రిటైర్డ్ టీచర్): బాబూ, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర పోటు ఎక్కేటప్పుడు పండుగప్ప కోసం మిన్నో (చిన్నచేప ఆకారం) లూర్ వేస్తుంటాను. 50 పౌండ్ల లీడర్. లూర్‌కి బిగుతుగా ముడేస్తే సరిగా ఈదడం లేదు, లూప్ వేస్తే బలం తగ్గుతుందని భయం. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫ్లోరోకార్బన్ పంపాడు, నీళ్ళలో కనపడదట. నిజమేనా?

జవాబు: నమస్కారం మాస్టారూ. మీ అనుమానం సబబే, 50 పౌండ్ల లైన్ బిరుసుగా లూర్ ముక్కుని పట్టుకుంటే అది ఇంక ఊగేదెక్కడ. నాన్‌స్లిప్ లూప్ అని ఒకటుంది, అమెరికాలో లెఫ్టీ క్రే అని ఫ్లై ఫిషింగ్‌లో పెద్దాయన, 2018లో పోయారు, ఆయన ఊరూరా తిరిగి నేర్పిన ముడి. పేరులోనే ఉంది, జారదు, లూప్ ఎంత వేస్తే అంతే ఉంటుంది. ముందు లైన్‌లో మామూలు ముడి ఒకటి వదులుగా వేసుకుని, కొసని లూర్ రింగులో దూర్చి, ఏ వైపు నుంచి బయటికొచ్చిందో అదే వైపు నుంచి ఆ వదులు ముడిలోకి తిరిగి దూర్చాలి, తర్వాత అసలు లైన్ చుట్టూ చుట్టి, మళ్ళీ అదే వైపు నుంచి వదులు ముడిలోకి. వైపు తప్పితే ముడి వంకరగా కూర్చుంటుంది. ఆయన చెప్పిన చుట్ల లెక్క చూడండి, సన్న లైన్‌కి ఏడు, 15 నుంచి 40 పౌండ్ల దాకా నాలుగు, 50, 60కి మూడు, అది దాటితే రెండే. లైన్ లావెక్కేకొద్దీ చుట్లు తగ్గించడమే, పైన భీమిలి తమ్ముడికి చెప్పిందీ అదే. మీకు మూడు చాలు. లూప్ చిటికెనవేలు గోరంత చాలు, పెద్దదైతే లూర్ గాలం దాంట్లోనే చిక్కుకుంటుంది.

ఫ్లోరోకార్బన్ సంగతి. కాంతి వంగే లెక్కలో నీళ్ళది 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 దాటుతుంది, కాబట్టి నైలాన్ కంటే తక్కువ కనపడే మాట నిజమే, అసలు కనపడదన్నది మాత్రం డబ్బా మీది రాత. గోదారి కలిసే చోట ఆ బురద నీళ్ళలో చేపకి మీ లీడర్ కాదు కదా పడవే సరిగా కనపడదు. అయినా అబ్బాయి పంపింది వాడుకోండి, ఇంకో కారణానికి. పండుగప్ప చెంప రేకు అంచు ఎంత పదునో మీకు తెలిసిందే, పట్టుకోబోయి వేళ్ళు కోసుకోనివాళ్ళు మీ ఊళ్ళో ఉండరు. ఫ్లోరోకార్బన్ పైపొర గట్టి, ఆ రాపిడికి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, నైలాన్‌లా నీళ్ళు పీల్చి మెత్తబడదు. కాకపోతే నైలాన్ కంటే బిరుసు, అందుకని ఉమ్ము తడి తప్పనిసరి, నిదానంగా బిగించండి, ముడి దగ్గర తెల్లగా చారలొస్తే కోసేసి మళ్ళీ వేసుకోండి. ఇంకో మాట, బాగా పెద్ద పండుగప్పలన్నీ దాదాపు ఆడవే, చిన్నప్పుడు మగగా ఉండి పెద్దయ్యాక ఆడగా మారతాయి. గుడ్లు పెట్టేవి అవే కాబట్టి ఫొటో దిగి వదిలేస్తే సంతోషిస్తాను, కూర సైజువి ఎలాగూ పడతాయి.

ప్రశ్న (కాకినాడ నుంచి): గురూగారూ, వంజరం కోసం ట్రోలింగ్ చేస్తున్నాం, 80 పౌండ్ల లీడర్, యూని ముడి. టక్కున తెగిపోతోంది, 120కి మారితే ఆగుద్దా? లేక ముడి మార్చాలా?

జవాబు: కొస నున్నగా కోసినట్టుందా? ఐతే ముడిని తిట్టకండి, 120 కాదు 200 పెట్టినా వంజరం పళ్ళకి లెక్కలేదు. వైర్ పెట్టండి, జానెడున్నా చాలు. ఒంటి తీగ వైర్‌కి హేవైర్ ట్విస్ట్ అని వెయ్యాలి, గాలం కన్నులోంచి దూర్చి రెండు తీగలనీ సమానంగా ఒకదానితో ఒకటి నాలుగైదుసార్లు మెలేసి, తర్వాత పొట్టి కొసని అడ్డంగా తిప్పి అసలు తీగ చుట్టూ ఒత్తుగా నాలుగైదు చుట్లు. ఒక తీగ తిన్నగా ఉండిపోయి రెండోది దాని చుట్టూ తిరిగితే అది హేవైర్ కాదు, జారిపోతుంది. కొసని కటింగ్ ప్లేయర్‌తో కొయ్యొద్దు, ముల్లు మిగిలి చెయ్యి చీల్చేస్తుంది, కొసని ఎల్ ఆకారంలో వంచి హ్యాండిల్‌లా ముందుకీ వెనక్కీ ఊపితే మొదలంటా విరిగి నున్నగా వస్తుంది. వైర్‌నీ లీడర్‌నీ కలిపే స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే లింకు) నల్లది, చిన్నది తీస్కోండి, తళతళా మెరిసేదైతే వెనకొచ్చే వంజరం దాన్నే కొరికేస్తుంది.

ప్రశ్న (టెక్సస్, హ్యూస్టన్ నుంచి): అన్నయ్యగారూ, మా నాన్నగారు బాపట్ల నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. గాల్వెస్టన్‌లో రెడ్‌ఫిష్ కోసం సర్కిల్ గాలాలు (మొన లోపలికి వంగి ఉండేవి), 80 పౌండ్ల లీడర్ కొన్నాం. మావారు యూట్యూబ్ చూసి కన్నుకి ముడేస్తుంటే నాన్నగారు అలా కాదమ్మా అని గాలం కాడకి చుట్టేసి కడుతున్నారు. ఇంట్లో ఇదే పంచాయితీ. తీర్పు చెప్పరూ.

జవాబు: చెల్లెమ్మా, తీర్పు నాన్నగారికే. మన సముద్రపు గాలాల్లో చాలావాటికి అసలు కన్నే ఉండదు, కాడ చివర చదునుగా కొట్టి వదిలేస్తారు, దానికి కాడ చుట్టూ చుట్టి కట్టడం తప్ప ఇంకో దారి లేదు, ఆయన చెయ్యి అలా అలవాటు పడింది. దాన్నే అక్కడ స్నెల్ అంటారు. చుట్లన్నీ తిన్నటి ఉక్కు కాడ మీద పక్కపక్కన కూర్చుంటాయి, లైన్ తన మీద తాను చుట్టుకోవాల్సిన పని లేదు కాబట్టి 80 పౌండ్ల లైన్ కూడా ఐదారు చుట్లకి చక్కగా బిగుస్తుంది. పైగా లాగినప్పుడు బలం కాడ వెంబడే తిన్నగా వెళ్తుంది.

మీవారికి కూడా ఒక పని ఉంది. నాన్నగారి కన్నులేని గాలానికి లేని జాగ్రత్త ఒకటి ఈ కన్నున్న సర్కిల్ గాలానికి ఉంది, లీడర్ కన్నులోంచి బయటికొచ్చేది గాలం మొన ఉన్న వైపుకి రావాలి, వీపు వైపుకి కాదు. అలా ఉంటే లీడర్ బిగిసినప్పుడు గాలం తిరిగి మొన చేప మూతి మూలకి వచ్చి దిగుతుంది, వెనక నుంచొస్తే తిరగదు. కన్ను అతుకు దగ్గర సందుందేమో కూడా ఆయన్నే చూడమనండి, చవక గాలాల్లో ఆ అంచు లీడర్‌ని కోసేస్తుంది. ఇంకోటి, సర్కిల్ గాలం వేసి చేప తగలగానే మన పద్ధతిలో ఒక్క గుంజు గుంజితే నోట్లోంచి ఊడొచ్చేస్తుంది, రీల్ తిప్పుతూ ఉంటే చాలు అదే దిగుతుంది, ఈ మాట నాన్నగారికి మెల్లగా చెప్పండి. టెక్సస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్యదే ఉంచుకోవాలి, అంతకంటే పెద్దది ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టాలి, అది కూడా ఆయనకి ముందే చెప్పకపోతే పెద్ద చేపని నీళ్ళలోకి వదిలేటప్పుడు ఇంకో పంచాయితీ అవుతుంది.

ప్రశ్న (శ్రీవిజయపురం, అదే మన పోర్ట్ బ్లెయిర్ నుంచి): అన్నా, పెద్ద ట్యూనా, కొమ్ముకోనెం కోసం 250 పౌండ్ల నైలాన్ తెప్పించాం. యూని మూడు చుట్లు కూడా బిగియడం లేదు. రెండు వెయ్యాలా?

జవాబు: ముడే వెయ్యకు. 150 దాటాక చేత్తో ముడి అనే మాట దండగ, క్రింప్ స్లీవ్ వాడు, అంటే లైన్ మీద నొక్కి బిగించే లోహపు గొట్టం. అల్యూమినియంవి, ఎనిమిది అంకె ఆకారంలో రెండు గొట్టాలున్నవి, నీ లైన్ లావుకి సరిగ్గా సరిపోయే సైజు, లైన్ కాస్త బిగుతుగా దూరాలి, లొడలొడలాడితే సైజు తప్పు. కొస అవతలికి రెండు మిల్లీమీటర్లు రానిచ్చి లైటర్‌తో చిన్న గుండు చెయ్. దానికని ఉండే క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, కరెంటోళ్ళ ప్లేయర్‌తో నొక్కితే ఒకవైపు చీలి, ఒకవైపు వదులుగా ఉంటుంది. ముఖ్యంగా స్లీవ్ రెండు చివర్లా ఒక మిల్లీమీటర్ నొక్కకుండా వదిలెయ్, అక్కడ కాస్త గంటలా విచ్చుకుని ఉండాలి, చివరిదాకా నొక్కేస్తే ఆ అంచే బ్లేడవుతుంది. వేలితో అంచు తడిమి చూడు, గీరుకుంటే కోసి పారేసి ఇంకోటి. రాగి స్లీవులు స్టీల్ కేబుల్‌కి, వాటిని నైలాన్‌కి వాడకు. గాలం కన్ను దగ్గర లూప్‌కి చిన్న ప్లాస్టిక్ ట్యూబు తొడిగితే ఒరుసుకోదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): సార్, ఒక వీడియోలో ఒక ముడి 100 శాతం బలం అన్నాడు, ఇంకో వీడియోలో అదే ముడి 70 అన్నాడు. ఎవర్ని నమ్మాలి? ముడి మీద సూపర్ గ్లూ వేస్తే మంచిదా?

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు, లైన్ కంపెనీ వేరు, లావు వేరు, వేసిన చెయ్యి వేరు. నీకు కావాల్సింది నీ లీడర్ మీద నీ చెయ్యి వేసిన ముడి ఎంత ఆగుతుందన్నది, అది ఏ వీడియోలోనూ ఉండదు. ఒక లీడర్ ముక్కకి రెండు చివర్లా రెండు రకాల ముడులేసి, గట్టి రింగులు తగిలించి గ్లౌజులతో లాగితే ముందు ఏది ఓడిపోతుందో తేలిపోతుంది, తూకం కావాలంటే సూట్‌కేసులు తూచే డిజిటల్ త్రాసు ఒకటి మధ్యలో పెట్టుకో. గ్లూ సంగతంటావా, జారే ముడిని గ్లూ కాపాడదు, ఎండాక గాజులా పెళుసెక్కి రింగుల్లో కొట్టుకుని పగిలిపోతుంది, ఎఫ్‌జీ చివర హాఫ్ హిచ్‌లు విప్పుకోకుండా ఒక చుక్క వేసుకుంటానంటే వేస్కో, అంతకుమించి దానికి పని లేదు.

లావు లీడర్‌కి ఇంకో పరీక్ష కూడా ఉంది, ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంటుంది కదా, నిండుగా ఉంటే 20 కిలోల పైనే. నీ డ్రాగ్ ఎలాగూ అంత ఉండదు. ముడేసిన లీడర్‌తో దాన్ని మెట్ల రెయిలింగుకి, నేలకి బెత్తెడు ఎత్తులో వేలాడదీసి పొద్దున దాకా వదిలెయ్, జారే ముడైతే కొస ఎంత లోపలికి పోయిందో స్కెచ్ పెన్నుతో ముందే పెట్టిన గుర్తు చెప్తుంది. క్యాన్ మూత టేప్ వేసి పెట్టు, కింద ఇంటివాళ్ళకి ముందే చెప్పు.